ప్రభుత్వ కాగితం పక్కన మన కాగితం: సంఘాలకు షాడో రిపోర్ట్ నేర్పించే పద్ధతి

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, ఆలూరు వైపు మహిళా సంఘాలతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఐక్యరాజ్యసమితి కమిటీలకు షాడో రిపోర్ట్ రాయడం సంఘాలకు నేర్పించడం నా పనిలో పెద్ద భాగం. మీ జిల్లాలో కూడా ఇలాంటి శిక్షణ పెట్టాలనుకుంటే పనికొస్తుందని నా పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ తీసుకున్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం పేరు సీడా, అంటే మహిళల పట్ల అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒప్పందం. ఉదాహరణకు బాల్య వివాహాలు తీసుకున్నాను. మా పశ్చిమ మండలాల్లో ఏ సంఘాన్ని కదిలించినా ముందు వచ్చే మాట అదే.

విషయం క్లుప్తంగా ఇదీ. సీడా ఒప్పందాన్ని భారత్ 1993 జూలై 9న ధ్రువీకరించింది. ఒప్పందంలో చేరిన దేశం తాను ఏం చేసిందో ఎప్పటికప్పుడు నివేదిక ఇవ్వాలి. 23 మంది నిపుణులున్న కమిటీ ఆ నివేదికను జెనీవాలో కూర్చుని చదివి, ప్రభుత్వ ప్రతినిధులను ప్రశ్నలు అడుగుతుంది. చివరికి ముగింపు పరిశీలనలు పేరుతో సిఫారసులు ఇస్తుంది. భారత్ 2000, 2007, 2014 సంవత్సరాల్లో ఇలా కమిటీ ముందు కూర్చుంది. ప్రభుత్వ నివేదికలో లేనిది, తగ్గించి చెప్పింది, తప్పుగా చెప్పింది కమిటీకి తెలియాలంటే జనం వైపు నుంచి ఇంకో నివేదిక వెళ్లాలి. అదే షాడో రిపోర్ట్. పైగా ఈ ఒప్పందానికి ఉన్న ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో భారత్ చేరలేదు. కాబట్టి మన దేశంలో ఒక మహిళ తన కేసు పట్టుకుని నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకునే దారి లేదు. మన మాట అక్కడికి చేరే ముఖ్యమైన తలుపు ఈ నివేదికే.

శిక్షణ మొదలైన అరగంటలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "దీనివల్ల మాకేం ఒరుగుతుంది అక్కా?" ఈ ప్రశ్నను దాటవేయకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. కమిటీ ఎవరినీ అరెస్టు చేయించలేదు, మన ఊరి పెళ్లి ఆపలేదు. దాని మాట కోర్టు తీర్పులా అమలు కాదు. ఇది ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ మోసపోయామనుకోరు. ఆ తర్వాత భన్వరీ దేవి గురించి చెబుతాను. రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే ఊరి స్థాయి కార్యకర్తగా పనిచేస్తూ, 1992లో ఒక పసిపిల్ల పెళ్లి ఆపడానికి వెళ్లినందుకు ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు ఇచ్చింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అప్పటికి మన దేశంలో చట్టం లేదు. కోర్టు సీడా ఒప్పందాన్ని ఆధారం చేసుకుని మార్గదర్శకాలు రాసింది. 2013లో వచ్చిన చట్టానికి పునాది అదే. బాల్య వివాహం ఆపబోయిన ఒక పల్లె మహిళ దగ్గర మొదలైన కథ కాబట్టి ఇది మా వాళ్లకు వెంటనే ఎక్కుతుంది. జెనీవా కాగితానికీ మన ఊరికీ సంబంధం ఏమిటో విడిగా చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఎవరిని పిలవాలి, ఎప్పుడు పిలవాలి

ఒక్కో సంఘం నుంచి ఇద్దరిని రమ్మనండి. ఒకరు రాయగలిగినవాళ్లు, ఇంకొకరు విషయం తెలిసినవాళ్లు. రాయడం వచ్చినవాళ్లనే పిలిస్తే నివేదిక అందంగా వస్తుంది కానీ అందులో ఊరు ఉండదు. మొత్తం ఇరవై, ఇరవై నాలుగు మందికి మించితే అందరి కాగితాలూ చూడటం కుదరదు.

తేదీ పెట్టేముందు పనుల సీజన్ చూసుకోండి. మా వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. ఊళ్లు ఖాళీ అయినప్పుడు శిక్షణ పెడితే ఎన్జీఓ స్టాఫ్ మాత్రమే వస్తారు. పైగా మా విషయానికి ఆ వలసే మూలం. ఎదిగిన ఆడపిల్లను ఊళ్లో ఒంటరిగా వదిలి వెళ్లలేక, వెంట తీసుకెళ్లడానికి భయపడి, బయల్దేరే ముందే పెళ్లి చేసేస్తారు. ఆ సంగతి చెప్పగలిగిన తల్లులు గదిలో లేకపోతే మన రిపోర్టులో "పేదరికం, నిరక్షరాస్యత వల్ల" అనే పాత వాక్యమే మిగులుతుంది.

బస్సు ఛార్జీలు మొదటి రోజు పొద్దున్నే చేతికి ఇచ్చేయండి. కోసిగి వైపు కన్నడ మాట్లాడేవాళ్లు ఉంటారు, ఆదోనిలో ఉర్దూ. పక్కన కూర్చుని చెప్పే మనిషిని ముందే చూసుకోండి. చంటిపిల్లలతో వచ్చేవాళ్లకు ఇంకో గది, పిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలి.

వచ్చేటప్పుడు కాగితాలు తెమ్మని గట్టిగా చెప్పండి. ఏ కాగితమైనా సరే: ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను చూసే) ఆఫీసుకు ఇచ్చిన అర్జీ, దాని మీద పడిన రిసీవ్డ్ ముద్ర, పేపర్ కటింగ్, సంఘం మినిట్స్ బుక్, స్కూలు మానేసిన పిల్లల లిస్టు. కాగితం లేనివాళ్లు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసిన తేదీ గుర్తు తెచ్చుకుని చీటీ మీద రాసుకు రావాలి.

రెండు విడతలుగా పెట్టండి

వరసగా మూడు రోజులు కూర్చోబెట్టి చివరి రోజు రిపోర్టు రాయించే పద్ధతి నాకు నచ్చదు. మొదటి విడత రెండు రోజులు. తర్వాత రెండు నెలలు విరామం. రెండో విడత ఇంకో రెండు రోజులు. మధ్యలో విరామం ఎందుకంటే, సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తుకు జవాబు ఇవ్వడానికి చట్టం 30 రోజులు గడువు ఇచ్చింది. ఆ జవాబులు చేతిలో లేకుండా రాసిన రిపోర్టులో సగం పేజీలు మన కోపంతోనే నిండుతాయి. మన కోపం న్యాయమైనదే. కానీ కమిటీ సభ్యురాలు ప్రభుత్వ ప్రతినిధిని అడగడానికి ఆమెకు ఒక అంకె, ఒక తేదీ, ఒక సెక్షన్ కావాలి.

మొదటి రోజు ఐక్యరాజ్యసమితి బొమ్మలు, బాణాల చార్టులు పెట్టకండి. గోడ మీద మూడు పెద్ద కాగితాలు అంటించండి. ఒకదాని మీద "ప్రభుత్వం ఏం చెప్పింది" అని, రెండోదాని మీద "ప్రభుత్వానివే వేరే కాగితాలు ఏం చెప్తున్నాయి" అని, మూడోదాని మీద "మనం ఏం చూశాం" అని రాయండి. శిక్షణ అంతా ఈ మూడు కాగితాల మధ్యే నడుస్తుంది. నా అనుభవంలో సంఘాలవాళ్లు మూడోది పది నిమిషాల్లో నింపేస్తారు. మొదటి రెండూ నింపడం నేర్పించడమే మన పని.

మొదటి కాగితం కోసం ట్రైనర్ ముందే కష్టపడాలి. ప్రభుత్వ నివేదికలు ఐక్యరాజ్యసమితి వెబ్‌సైటులో దొరుకుతాయి కానీ తెలుగులో ఉండవు. మొత్తం అనువదించనక్కర్లేదు. మీ విషయానికి సంబంధించిన పేరాలు నాలుగో ఐదో ఎంచుకుని, పేరా నంబర్లతో సహా తెలుగులోకి తెచ్చి అందరికీ జిరాక్స్ ఇవ్వండి. పేరా నంబరు మర్చిపోవద్దు. రేపు రిపోర్టులో "ప్రభుత్వం ఫలానా పేరాలో ఇలా చెప్పింది" అని రాయాలి. వాటితో పాటు గత సమీక్షలో కమిటీ ఇచ్చిన సిఫారసులు కూడా తెలుగులో పెట్టండి. "ఈ మాట మీరు 2014లోనే చెప్పారు, ఇప్పటికీ జరగలేదు" అన్న వాక్యాన్ని కమిటీ ఏ సభ్యురాలూ పక్కన పెట్టలేదు.

రెండో కాగితం నింపడం

ఇక్కడే ఎక్కువ సేపు ఉండండి. నేను రెండు అంకెలతో మొదలుపెడతాను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. 20 నుంచి 24 ఏళ్ల వయసు మహిళల్లో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇప్పుడు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చూడండి. 2021లో బాల్య వివాహ నిషేధ చట్టం కింద దేశం మొత్తం మీద నమోదైన కేసులు 1,050. రెండూ ప్రభుత్వ లెక్కలే. రెండూ పక్కపక్కన రాసి అందరినీ ఒక నిమిషం చూడనివ్వండి.

ఆ వెంటనే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ రెండు అంకెలూ ఒకే విషయాన్ని కొలవవు. మొదటిది అంతకుముందు కొన్నేళ్లలో జరిగిన పెళ్లిళ్ల గురించి, రెండోది ఆ ఒక్క ఏడాది కేసుల గురించి. ఒకదాని నుంచి ఇంకోటి తీసేసి "ఇన్ని పెళ్లిళ్లు దాచారు" అని రాస్తే ప్రభుత్వ ప్రతినిధి ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తాడు. "సర్వే ప్రకారం సమస్య ఇంత విస్తారంగా ఉండగా, చట్టం కింద కేసులు ఇంత తక్కువగా ఉన్నాయి, ఎందుకో ప్రభుత్వం వివరించాలి" అని రాస్తే ఆ వాక్యాన్ని ఎవరూ కదిలించలేరు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా పట్టుకోగలిగితే మనిషికి షాడో రిపోర్ట్ రాయడం దాదాపు వచ్చేసినట్టే.

రెండో ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. సీడా 16వ అధికరణంలోని రెండో భాగం, బాల్య వివాహం చెల్లదనీ, పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలనీ చెప్తుంది. ఒప్పందంలో చేరేటప్పుడు భారత్ దీని మీద ఒక ప్రకటన జోడించింది. తప్పనిసరి రిజిస్ట్రేషన్ సూత్రాన్ని సమర్థిస్తున్నాం కానీ, ఇన్ని ఆచారాలు, మతాలు, ఇన్ని రకాల అక్షరాస్యత స్థాయిలు ఉన్న పెద్ద దేశంలో అది ఆచరణ సాధ్యం కాదని దాని సారాంశం. ఇప్పుడు మన రాష్ట్రం చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయమని ఆదేశించింది. ఢిల్లీ సాధ్యం కాదన్న పనిని మన రాష్ట్రం చట్టంగా రాసుకుంది. మరి మన పంచాయతీలో నిరుడు ఎన్ని పెళ్లిళ్లు జరిగాయి, ఎన్ని రిజిస్టర్ అయ్యాయి? ఈ ప్రశ్న అడిగితే గదిలో ఒక్కసారిగా చర్చ లేస్తుంది. "లోన్ కోసం, పాస్‌పోర్ట్ కోసం అవసరమైతేనే చేయిస్తారు" అని ఒకరు, "పెళ్లికూతురి వయసు బయటపడుతుందని చేయించరు" అని ఇంకొకరు అంటారు. ఆ రెండో మాట వెంటనే మూడో కాగితం మీద రాయండి.

పథకాల గురించి కూడా అడగండి. తెలంగాణ కల్యాణలక్ష్మి 2014 అక్టోబరు 2న మొదలైంది. పెళ్లికూతురికి 18 నిండి ఉండాలన్నది అందులో షరతు. ఇలాంటి పథకాలను ప్రభుత్వాలు నివేదికల్లో ప్రగతిగా చూపిస్తాయి. మంచిదే, కొట్టిపారేయకండి. కానీ 18 నిండకుండా పెళ్లయిపోయిన పిల్లకు ఆ పథకం ఏమీ ఇవ్వదు. ఆమె చదువు కొనసాగడానికి, కావాలంటే పెళ్లి రద్దు చేయించుకోవడానికి ఏ సాయం ఉందో అడగండి. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం మైనర్‌గా పెళ్లయిన అమ్మాయి, మేజర్ అయిన రెండేళ్లలోపు జిల్లా కోర్టుకు వెళ్లి ఆ పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన సంఘం సభ్యులు చాలా తక్కువ.

ఫిర్యాదును పేరాగా మార్చడం

రెండో రోజు పొద్దున ఒక్క పనే. ప్రతి సంఘం తన ఫిర్యాదును రెండు వాక్యాల్లో రాయాలి. సాధారణంగా ఇలా వస్తుంది: "మా ఊళ్లో ఆడపిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్లకే పెళ్లిళ్లు చేసేస్తున్నారు. ఆఫీసర్లకు చెప్పినా వచ్చి కాగితం మీద సంతకం పెట్టించుకుని పోతారు, ఎవరూ పట్టించుకోరు."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ప్రతి మాట దగ్గరా ఆగి అడగండి. ఏ సంవత్సరంలో? మీకు స్వయంగా తెలిసినవి ఎన్ని, విన్నవి ఎన్ని? వయసు ఎలా తెలిసింది, ఆధార్‌లోనా, స్కూలు టీసీలోనా? ఆఫీసర్ అంటే ఎవరు, ఐసీడీఎస్ అధికారి సీడీపీఓనా, తహసీల్దారా, సచివాలయంలో మహిళా పోలీసా, ఎస్సైనా? సంతకం పెట్టించుకున్న కాగితం ఏమిటి? ఇక్కడ అసలు విషయం బయటికొస్తుంది. అది తల్లిదండ్రుల హామీ పత్రం. 18 నిండేదాకా పెళ్లి చేయమని రాయించుకుంటారు. అధికారుల లెక్కలో ఆ పెళ్లి ఆగినట్టే. ఆ హామీ పత్రం తర్వాత ఎవరైనా మళ్లీ ఆ ఇంటికి వెళ్లారా? నెల తిరక్కుండా కర్ణాటకలో బంధువుల ఊళ్లో పెళ్లి జరిగిపోయిందా? చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చే అవకాశం ఉంది. ఆ ఉత్తర్వును లెక్కచేయకుండా చేసిన పెళ్లి 14వ సెక్షన్ ప్రకారం అసలు చెల్లదు. ఆ దారి ఎవరైనా వాడారా?

ఇంత చర్చ తర్వాత పేరా ఇలా తయారవుతుంది. ఖాళీలు సంఘం రిజిస్టర్ చూసి నింపాలి:

"కర్నూలు జిల్లా ___ మండలంలో ___ నుంచి ___ వరకు 18 ఏళ్లు నిండని ___ మంది బాలికల పెళ్లి ప్రయత్నాల గురించి మా సంఘాలు 1098కి గానీ ఐసీడీఎస్ కార్యాలయానికి గానీ ముందే సమాచారం ఇచ్చాయి. ___ సందర్భాల్లో అధికారులు తల్లిదండ్రుల నుంచి హామీ పత్రం తీసుకుని పెళ్లి ఆపారు. వాటిలో ___ పెళ్లిళ్లు తర్వాత వేరేచోట జరిగాయి. హామీ పత్రం తర్వాత అధికారులు మళ్లీ ఇంటికి వెళ్లి చూసినట్టు రికార్డు ఉన్నవి ___. నిషేధ ఉత్తర్వు కోరినవి ___. ఎఫ్ఐఆర్ నమోదైనవి ___. ఆధారం: సంఘాల రిజిస్టర్, సమాచార హక్కు జవాబు, తేదీ ___."

ఈ పేరాలో ఒక్క విశేషణం లేదు. "ఘోరమైన", "అమానుషమైన" అన్న మాటలు తీసేస్తుంటే కొందరికి బాధగా ఉంటుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. రిపోర్టు మొత్తంలో ఒక్కచోట, ఒక అమ్మాయి తన మాటల్లో చెప్పిన రెండు మూడు వాక్యాలు పెట్టుకోమంటాను. అంకెలు చదివి అలిసిన మనిషి అక్కడ ఆగుతుంది. ఒక్కచోటే పెడితేనే దానికి ఆ బలం ఉంటుంది.

పిల్లల భద్రత, మన భద్రత

ఈ భాగం ఎంత ఆలస్యమైనా వదిలేయకండి. సంఘాలు పంపే రిపోర్టులను కమిటీ కార్యాలయం సాధారణంగా వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెడుతుంది. వద్దనుకుంటే గోప్యంగా ఉంచమని పంపేటప్పుడే రాయాలి. కాబట్టి రిపోర్టులో పిల్ల పేరు, ఊరి పేరు, స్కూలు పేరు ఏదీ ఉండకూడదు. జువైనల్ జస్టిస్ చట్టం 2015లోని 74వ సెక్షన్, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 23వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరంగా చూస్తాయి. ఒక్కో కేసుకు ఒక కోడ్ ఇవ్వండి. కోడ్, అసలు పేరు కలిపి ఉన్న పుస్తకం ఒకటే ఉండాలి, ఒకరి దగ్గరే ఉండాలి, రిపోర్టు ఫైలుతో కలిపి ఉంచకూడదు. పెళ్లి ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మా సంఘాల్లో ఉంది. మొదటి రోజే ఆ గ్రూపు తెరిచి వాటిని తీయించేయండి. మండలం పేరు రాస్తే పిల్ల ఎవరో తెలిసిపోయేంత చిన్న విషయమైతే, జిల్లా దగ్గరే ఆగండి.

అన్నిటికన్నా కష్టమైన చర్చ పోక్సో 19వ సెక్షన్ గురించి. 18 నిండని పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న ఇచ్చిన తీర్పు తర్వాత, 18 నిండని భార్యతో భర్త లైంగిక సంబంధం కూడా అత్యాచారం కిందికే వస్తుంది. అంటే మన సంఘం సభ్యురాలు వివరాల కోసం వెళ్లి, పదహారేళ్ల పిల్ల గర్భవతి అని తెలుసుకుంటే, ఆమె మీద చట్టపరమైన బాధ్యత పడుతుంది. మరోవైపు, కేసు అవుతుందన్న భయంతో ఆ పిల్లను అత్తింటివాళ్లు ఆసుపత్రికే తీసుకురారు. పురుడు ఇంట్లోనే జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. అందుకే షాడో రిపోర్ట్ కోసమని పెళ్లయిన మైనర్ల ఇళ్లకు వెళ్లి సర్వే చేయించను. మన రిజిస్టర్‌లో ఇప్పటికే ఉన్న కేసులు, ఇప్పుడు 18 దాటి తమ కథ చెప్పడానికి సిద్ధంగా ఉన్న అమ్మాయిలు, ఆర్టీఐ జవాబులు, ఈ మూడూ చాలు. ఈ చట్టపరమైన బాధ్యతకూ, ఈ కేసు భయానికీ మధ్య పిల్ల ఎలా నలిగిపోతోందో రాయడం కూడా రిపోర్టులో ముఖ్యమైన భాగమే. శిక్షణకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి గానీ, మీకు నమ్మకమైన లాయర్ గానీ ఒకరిని ఈ గంటకైనా పిలిపించండి.

అమ్మాయి ఒప్పుకోవడం అంటే ఫారం మీద సంతకం ఒక్కటే కాదు. ఈ కాగితం ఎక్కడికి వెళ్తుంది, ఎవరు చదువుతారు, దీనివల్ల తనకు పెన్షనో ఇల్లో రాదు అని చెప్పాలి. వారం తర్వాత మళ్లీ వెళ్లి అడగాలి. అప్పుడు వద్దంటే తీసేయాలి, ఎందుకు అని అడక్కుండా.

ఆర్టీఐ దరఖాస్తులు అక్కడే రాయించండి

మొదటి విడత ముగిసేలోపు ప్రతి సంఘం కనీసం ఒక దరఖాస్తు రాసి, సంతకం పెట్టి, కవర్‌లో పెట్టాలి. ఇంటికి వెళ్లి రాస్తామంటే రాయరు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అసలు ఫీజే లేదు. ప్రశ్నలు చిన్నగా, అంకెలు వచ్చేలా ఉండాలి. "బాల్య వివాహాలు అరికట్టడానికి ఏం చర్యలు తీసుకున్నారు?" అని అడిగితే అవగాహన సదస్సుల ఫొటోలు వస్తాయి. గత మూడేళ్లలో వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, హామీ పత్రాలు ఎన్ని, తర్వాతి తనిఖీలు ఎన్ని, 13వ సెక్షన్ దరఖాస్తులు ఎన్ని, సంవత్సరాల వారీగా ఇవ్వమని అడగండి. పంచాయతీని రిజిస్టర్ అయిన పెళ్లిళ్ల సంఖ్య అడగండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీల్ వేయాలి, దానికీ 30 రోజుల గడువు ఉంది. "మా కార్యాలయంలో ఇటువంటి సమాచారం లేదు" అని జవాబు వస్తే మా వాళ్లు నిరాశపడతారు. ఆ కాగితాన్ని భద్రంగా ఫైల్ చేయమని చెప్పండి. తనిఖీల లెక్క ప్రభుత్వం దగ్గరే లేదని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం అది.

రెండో విడత: కోయడం, కోరడం

సీడా కమిటీకి ఒక సంస్థ పంపే రిపోర్టు 3,300 పదాలు, కూటమిగా పంపితే 6,600 పదాలు దాటకూడదు. పంపేముందు ఆ సమావేశానికి పెట్టిన గడువు, నిబంధనలు కమిటీ పేజీలో మళ్లీ చూసుకోండి. తెలుగులో రాసింది ఇంగ్లీషులోకి వెళ్తే పదాలు బాగా పెరుగుతాయి, కాబట్టి తెలుగు డ్రాఫ్టులోనే గట్టిగా తగ్గించాలి. ఇరవై సంఘాల బాధలూ ఇందులో పట్టవు. ఏది ఉంచాలో చేతులెత్తి ఓటు వేయించకండి. పెద్ద సంఘాల విషయాలే మిగులుతాయి. దళిత, ఆదివాసీ, ముస్లిం, వికలాంగ మహిళల విషయం ప్రతి పేరాలో ఎక్కడుందో వెతకండి. లేకపోతే ఆ అంకె అడగలేదన్నమాట.

డ్రాఫ్టు మొత్తం తెలుగులో పూర్తయ్యాకే ఇంగ్లీషులోకి పంపండి. అనువాదం అయిన తర్వాత, తెలుగు తెలిసిన ఇంకొకరి చేత ఇంగ్లీషు చూసి తెలుగులో గట్టిగా చదివించండి. సంఘాలవాళ్లు వింటూ "మేము అలా అనలేదే" అంటారు. సరిదిద్దండి. ఈ పనికి ఒక పూట కేటాయించాలి.

సిఫారసులు రాయించేటప్పుడు "బాల్య వివాహాలు పూర్తిగా నిర్మూలించాలి" అన్న వాక్యం తప్పకుండా వస్తుంది. దాన్ని పక్కన పెట్టి, ఏ శాఖ, ఏ పని, ఎప్పటిలోగా, జరిగిందని ఎలా తెలుస్తుంది అని అడగండి. ఉదాహరణకు: ప్రతి జిల్లాలో బాల్య వివాహ నిషేధ అధికారులు తమకు వచ్చిన ఫిర్యాదులు, హామీ పత్రాలు, తర్వాతి తనిఖీలు, నిషేధ ఉత్తర్వుల లెక్క ఏటా బహిరంగపరచాలి. వలస సీజన్‌లో తల్లిదండ్రులు ఊళ్లో లేని బాలికల కోసం హాస్టల్ సీట్లు ఆ సీజన్ మొదలయ్యేలోపు పెంచాలి. 16వ అధికరణం మీద చేసిన ప్రకటనను భారత్ ఉపసంహరించుకోవాలి. ఇలాంటివి ఐదారు చాలు.

మన జిల్లా రిపోర్టు ఒక్కటే వెళ్తే దాని బరువు తక్కువ. జాతీయ స్థాయిలో నేషనల్ అలయన్స్ ఆఫ్ విమెన్ లాంటి వేదికలు సీడాకు ప్రత్యామ్నాయ నివేదికలు తయారుచేస్తూ వచ్చాయి. వాళ్లతో ముందుగానే మాట్లాడి, మన పేరాలు వాళ్ల నివేదికలో చేరేలా చూసుకోండి. ఇదే సమాచారం ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల కమిటీకీ పనికొస్తుంది. అన్ని దేశాల మానవ హక్కుల పరిస్థితిని మానవ హక్కుల మండలి చూసే సార్వత్రిక సమీక్షకు కూడా పనికొస్తుంది, అక్కడ ఉమ్మడి నివేదికకు 5,630 పదాల హద్దు ఉంది.

పంపిన తర్వాత

కమిటీ సమావేశాన్ని ఐక్యరాజ్యసమితి వెబ్ టీవీలో ప్రత్యక్షంగా చూడొచ్చు. భారత్ వంతు వచ్చిన రోజు సంఘాలను ఒకచోట కూర్చోబెట్టి, ఇంగ్లీషు తెలిసిన ఒకరిని తెలుగులో చెప్పమనండి. మన పేరాలో ఉన్న ప్రశ్న కమిటీ సభ్యురాలి నోట వస్తే ఆ గదిలో ఎంత సంతోషం ఉంటుందో ఊహించుకోండి. రాకపోయినా, ప్రభుత్వ ప్రతినిధులు ఇచ్చిన జవాబులు రాసుకోవాలి. వచ్చే ఆర్టీఐ దరఖాస్తుకు అవే ముడిసరుకు.

ముగింపు పరిశీలనలు వచ్చిన వారంలోపు మనకు సంబంధించిన పేరాలు తెలుగులోకి మార్చి కలెక్టర్‌కు, రాష్ట్ర మహిళా కమిషన్‌కు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీతో జతచేసి ఇవ్వండి, రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. కమిటీ కొన్ని సిఫారసులను ఎంచి, వాటి మీద రెండేళ్లలో జవాబు ఇవ్వమని ప్రభుత్వాన్ని అడుగుతుంది. ఆ సమయంలోనూ సంఘాలు సమాచారం పంపవచ్చు. కాబట్టి శిక్షణ ముగిసే రోజే ఒక సంఘాన్ని ఎంచుకుని రిజిస్టర్, ఆర్టీఐ జవాబులు, ముద్రలున్న అర్జీలు అన్నీ వాళ్ల దగ్గర పెట్టండి. ఆ రెండేళ్ల గడువు తేదీని ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి, దానికి ఆరు నెలల ముందు తేదీని కూడా. మళ్లీ ఆర్టీఐ దరఖాస్తులు వేయాల్సింది అప్పుడే.